పాత వాద్యాల వాళ్ల పద్దులు

మార్చి రెండో వారం దాటిందంటే మా సంగీతం క్లయింట్లెవరూ ఫోనెత్తరు. మెసేజ్ పెడితే అర్ధరాత్రి జవాబొస్తుంది: "రైల్లో ఉన్నాను, రేపు తప్పకుండా పంపిస్తాను." ఆ రేపు ఈస్టర్ దాటాక గానీ రాదు. ఇక్కడ నెదర్లాండ్స్‌లో మొదటి మూడు నెలల అమ్మకపు పన్ను లెక్క ఏప్రిల్ నెలాఖరుకి చేరాలి. ఆదాయపు పన్ను రిటర్ను మే 1 లోపు పడాలి. వాళ్ల కచేరీల సీజనూ మా పన్నుల సీజనూ ఒకేసారి వచ్చిపడతాయి. చివరికి అట్టపెట్టెలో పోసి తెచ్చిచ్చే రసీదుల్లో రైలు టిక్కెట్లు, పార్కింగ్ చీటీలు, చర్చి పక్క కొట్లో కొన్న శాండ్‌విచ్, వాటి మధ్య గొర్రె పేగులతో చేసిన తంతుల బిల్లులు.

నేను హేగ్‌లో ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసులో పనిచేస్తాను. మా దగ్గరికి పూలకొట్టు వాళ్లొస్తారు, ప్లంబర్లొస్తారు, ఒక పళ్ల డాక్టరూ వస్తాడు. సంగీతం వాళ్లు మాత్రం మరీ ఎక్కువ. కారణం ఊరే. 1826లో పెట్టిన రాయల్ కన్సర్వేటరీ ఇక్కడ ఉంది. 2021లో ఊరి నడిమధ్య ఆమారే అనే కొత్త భవనంలోకి మారింది. అందులో పాత వాద్యాల విభాగానికి ప్రపంచమంతా పేరుంది. చదువుకోడానికి వచ్చినవాళ్లు చదువయ్యాక కూడా ఈ ఊళ్లోనో, ఆమ్‌స్టర్‌డామ్‌లోనో, యూట్రెక్ట్‌లోనో గది తీసుకుని ఉండిపోతారు. వాళ్లలో ఉద్యోగస్తులు దాదాపు లేరు. అందరూ ఎవరికి వారే ఒక కంపెనీ. అందుకే నాకు పని.

ముందు ఈ మార్చి గొడవేమిటో చెప్తాను. పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన మాథ్యూ ప్యాషన్, అంటే క్రీస్తు సిలువ కథని పాటలుగా కట్టిన రచన, డచ్చివాళ్లకి విపరీతమైన మోజు. ఏడాదంతా చర్చి గుమ్మం తొక్కనివాళ్లు కూడా ఈస్టర్ ముందు ఒక్క సాయంత్రం మాథ్యూకి వెళ్తారు. 1899లో విల్లెమ్ మెంగెల్‌బర్గ్ అనే కండక్టరు ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సర్ట్‌గెబౌ హాల్లో మట్టల ఆదివారం నాడు పెద్ద ఆర్కెస్ట్రాతో దీన్ని వాయించే ఆనవాయితీ పెట్టాడు. ఆ భారీ పద్ధతి నచ్చనివాళ్లు 1921లో నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ పెట్టుకుని, మరుసటేడు నుంచి నార్డెన్ అనే కోట ఊళ్లో పెద్ద చర్చిలో పాడటం మొదలుపెట్టారు. ఇప్పుడైతే ప్రతి చిన్న ఊరికీ ఒక మాథ్యూ ఉంది. ఊరి కోయిర్‌లో టీచర్లు, నర్సులు, రిటైరైన వాళ్లు వారానికోసారి ప్రాక్టీస్ చేస్తారు. ఆ ఒక్క సాయంత్రానికి మాత్రం డబ్బిచ్చి బరోక్ ఆర్కెస్ట్రాని, అంటే బాఖ్ కాలపు పాత వాద్యాల వాళ్లని, తెచ్చుకుంటారు. రచనలోనే రెండు ఆర్కెస్ట్రాలున్నాయి కాబట్టి మనుషులు చాలామంది కావాలి. మధ్యాహ్నం రిహార్సల్, రాత్రి మూడు గంటల పాటు కచేరీ, పొద్దున్నే ఇంకో ఊరు.

మా క్లయింట్లలో వియోలా డ గాంబా వాయించే ఆయన ఒకడున్నాడు. గాంబా అంటే కాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించే ఆరేడు తంతుల వాద్యం, మెట్లు కూడా పేగు దారంతోనే కట్టి ఉంటాయి. మాథ్యూలో దానికి పని ఎక్కడో రెండో భాగం సగం దాటాక వస్తుంది. బేస్ గాయకుడు సిలువ గురించి పాడే ఒక పాట పూర్తిగా ఈయన చేతుల మీదే నడుస్తుంది. చాలాచోట్ల అంతకుముందు ఒక చిన్న ముక్క ఉంటుంది. అంతే. మిగతా రెండున్నర గంటలు చలిచర్చిలో కదలకుండా కూర్చోవాలి. చలికి వేళ్లు కొయ్యబారతాయి, తంతులు శ్రుతి తప్పుతాయి, అందరూ వింటుండగా సరిచేసుకునే వీలుండదు. తర్వాత ఒక్కసారిగా వాద్యం అందుకుని, ఆ రచనలోకల్లా కష్టమైన పాటల్లో ఒకటి వాయించాలి. "నాకిచ్చే డబ్బు వాయించినందుకు కాదు, కూర్చున్నందుకు" అంటాడాయన. ఆయన ఏడాది ఆదాయం నెలవారీగా గీసి చూస్తే మార్చి, ఏప్రిల్ దగ్గర నిలువుగా లేచి, జనవరిలో నేలకి ఆనుకుని ఉంటుంది.

విషయం తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. బాఖ్, హ్యాండెల్ కాలంలో వయొలిన్‌కి పేగు తంతులుండేవి. గడ్డం ఆనించుకునే చెక్క లేదు, బో (వాయించే కమాను) పొట్టిగా తేలిగ్గా ఉండేది. కాళ్ల మధ్య పెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్ లాంటి సెల్లోకి నేల మీద ఆనే ఇనుప పుల్ల లేదు. ఫ్లూటు చెక్కది. ట్రంపెట్‌కి మీటలే లేవు, ఎనిమిదడుగుల గొట్టంలో పెదవుల బలం మీదే స్వరాలన్నీ తీయాలి. తర్వాత హాళ్లు పెద్దవయ్యాయి, అందరికీ వినపడేలా వాద్యాలన్నిటినీ మార్చేశారు. ఆ మారకముందు వాద్యాలతో, లేదా వాటిని చూసి ఇప్పుడు చేసిన నకళ్లతో, ఆనాటి పద్ధతిలో వాయించేవాళ్లు వీళ్లు.

శ్రుతి కూడా వేరు. ఈనాటి ఆర్కెస్ట్రాలు 'ఎ' స్వరాన్ని 440 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటే బరోక్ వాళ్లు 415 అంటారు, అంటే మన ఒకటిన్నర శ్రుతి ఒకటికి దిగినట్టు. మొత్సార్ట్, హైడెన్ అయితే 430. ఫ్రెంచి వాళ్ల రచనలు కొన్నిటికి 392. ఇంకా పాత ఇటలీ సంగీతానికి 466. వయొలిన్ వాళ్లు తంతి బిగించో సడలించో, బో మార్చుకునో సర్దుకుంటారు. గాలి వాద్యాల వాళ్లకి శ్రుతి మారితే వాద్యమే మారాలి.

ఇది నాకు సంగీతం కన్నా ముందు ఆస్తుల జాబితాలో అర్థమైంది. ఓబో అనే సన్నాయిలాంటి వాద్యం ఊదే ఒక క్లయింటుకి ఎన్ని ఓబోలున్నాయో మొదటిసారి రాసుకున్నప్పుడు, ఇవన్నీ ఒక్కరికే ఎందుకని అడిగాను. 415కి ఒకటి, 430కి మీటలు ఎక్కువున్నది ఒకటి, ఫ్రెంచి సంగీతానికి ఒకటి, కాస్త కింది స్థాయిలో పలికే ఓబో దామోరే ఒకటి. పైగా ఓబో డ కాచ్చా అని, విల్లులా వంగి, పైన తోలు తొడుగు, చివర ఇత్తడి గంట ఉన్న వింత వస్తువు ఒకటి. ఆ చివరిది బాఖ్‌కి తప్ప దాదాపు దేనికీ పనికిరాదు. కానీ అది లేకపోతే మాథ్యూకి పిలుపు రాదు. ఏడాదిలో చాలా భాగం పెట్టెలోనే ఉంటుంది, ఇన్సూరెన్సు మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి.

ఇక్కడి పన్ను రూలు ప్రకారం 450 యూరోలు దాటిన సామాను ఖర్చు ఒకేసారి రాయకూడదు. కనీసం ఐదేళ్లు తరుగుదల చూపించాలి. మా సెల్లో క్లయింటు ఒక పాత ఇటలీ సెల్లోకి మంచి నకలు చేయించుకున్నాడు. ఐదేళ్లకి నా పుస్తకంలో దాని విలువ అడుగంటింది. "ఇప్పుడిప్పుడే గొంతు విప్పుతోంది, మీరు చంపేశారేంటి" అని ఆయన బాధ. చనిపోయింది కాగితం మీదే కదా అని సర్దిచెప్పాను.

గంటల లెక్క ఇంకో తలనొప్పి. ఏడాదికి 1225 గంటలు సొంత పనికి పెట్టినట్టు చూపిస్తేనే స్వయం ఉపాధి మినహాయింపు దొరుకుతుంది. కచేరీలు, రిహార్సళ్లు మాత్రమే కూడితే ఎవరికీ అన్ని గంటలు రావు. ఓబో ఆవిడని రీడ్లు (నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు పీకలు) చెక్కే గంటలు రాసుకురమ్మన్నాను. రెల్లుగడ తెచ్చి, చీల్చి, నానబెట్టి, దారం చుట్టి, కత్తితో గీకి, ఊది చూసి, నచ్చక పారేసి, మళ్లీ మొదలుపెట్టే పని అది. ఆవిడ తెచ్చిన పట్టిక చూసి, వాయించే గంటల కన్నా చెక్కే గంటలే ఎక్కువేమో అనిపించింది. ఇంతా చేస్తే 2023లో 5,030 యూరోలున్న ఆ మినహాయింపు ఏటేటా కోసుకుంటూ 2027కి 900 చేస్తున్నారు. ఒక ఏడు బాగా వచ్చి, మరుసటేడు ఎండిపోయేవాళ్లకి మూడేళ్ల ఆదాయం సగటు చేసి పన్ను తగ్గించే పద్ధతి ఒకటుండేది. దాన్నీ ఎత్తేశారు. 2022 నుంచి 2024 దాకా ఉన్న మూడేళ్లే దానికి ఆఖరు.

ఈ రంగం మొదలైన తీరు చదివితే అకౌంటెంటుగా నాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటి తరం వాళ్లకి ఎక్కడో ఒక జీతం ఉండేది. నికొలాస్ హార్నన్‌కూర్ 1952లో వియన్నా సింఫనీలో సెల్లో ఉద్యోగంలో చేరాడు. మరుసటేడు భార్య ఆలీస్‌తోనూ మిత్రులతోనూ కాన్సెంటస్ మూజికస్ అనే పాత వాద్యాల బృందం పెట్టాడు. నాలుగేళ్లు ఇంట్లో సాధన చేసి, 1957లో గానీ జనం ముందుకి రాలేదు. ఉద్యోగం మాత్రం 1969 దాకా వదల్లేదు. పదిహేడేళ్ల నెలజీతం పెట్టుబడిగా పెట్టాడన్నమాట. ఇక్కడి అనర్ బైల్స్‌మా కన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాలో 1962 నుంచి 1968 వరకు సెల్లోలకి పెద్దగా ఉండి, ఆ తర్వాతే బయటికొచ్చాడు. గుస్తావ్ లియోన్‌హార్ట్ హార్ప్‌సికార్డ్ (పియానోకి ముందు కాలపు మెట్ల వాద్యం) పాఠాలు చెప్పాడు, ఆమ్‌స్టర్‌డామ్ చర్చిల్లో ఆర్గన్ వాయించాడు. ఫ్లూటు వాయించే ఫ్రాన్స్ బ్రూగెన్ అనే ఆయనకి ఇరవయ్యొకటో ఏటికే హేగ్ కన్సర్వేటరీలో ప్రొఫెసర్ పోస్టు దొరికింది. కన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రా వాయించే మొత్సార్ట్‌లో ప్రతి స్వరమూ అబద్ధమేనని ఆయన అనేసిన మాట ఇప్పటికీ ఇక్కడ చెప్పుకుంటారు. ధైర్యమే, కాదనను. ప్రొఫెసర్ జీతం ఉన్నప్పుడు ఆ మాట అనడం కాస్త తేలిక.

ఆ బ్రూగెనే 1981లో పద్దెనిమిదో శతాబ్దపు ఆర్కెస్ట్రా అని పెట్టాడు. అందులో నాకు బాగా నచ్చేది సంగీతం కన్నా దాని లెక్క. ఏడాదికి కొన్ని టూర్లు చేస్తారు, వచ్చినదాన్ని కండక్టరుతో సహా అందరూ సమానంగా పంచుకుంటారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో టూరుకి కలిసి, అయిపోయాక విడిపోతారు. 2014లో బ్రూగెన్ పోయాక కూడా ఆర్కెస్ట్రా నడుస్తోంది. ఇలాంటి సమానపు వాటా ఊళ్లో మిగతా వాళ్లెవరూ ఎందుకు పెట్టరు అని గాంబా ఆయన్ని అడిగితే, "సమానంగా పంచాలంటే ముందు మిగలాలి కదా" అన్నాడు.

మిగిలిన కాలం ఒకటి ఉండేది. 1982లో సీడీ వచ్చింది. క్రిస్టఫర్ హాగ్‌వుడ్, ట్రెవర్ పినాక్ 1970ల్లో పెట్టిన బృందాలకి లండన్‌లో రికార్డింగు మీద రికార్డింగు. జనం అరలు నింపుకోవడం కోసం ఇంట్లో ఉన్న సింఫనీనే పాత వాద్యాలతో మళ్లీ కొన్నారు. ఏ ఆర్కెస్ట్రా పేరు పెట్టినా లోపల కూర్చున్న మొహాలు చాలావరకు అవే. 1986లో అలాంటి వాయిద్యగాళ్లే కలిసి, శాశ్వత కండక్టరు లేకుండా, ఆర్కెస్ట్రా ఆఫ్ ది ఏజ్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్ పెట్టుకున్నారు. తర్వాత సీడీలు పడిపోయాయి. డచ్ కండక్టరు టాన్ కూప్‌మన్ బాఖ్ కాంటాటాలన్నీ (గాయకులూ వాద్యాలూ కలిసి చేసే రచనలు) రికార్డు చేస్తుండగా మధ్యలో కంపెనీ చేతులెత్తేస్తే, సొంత లేబుల్ పెట్టుకుని పూర్తి చేశాడు. అంత పేరున్న ఆయన చేయగలిగాడు. రెండో వరసలో వయొలిన్ వాయించే మనిషికి పోయిన రికార్డింగు రోజులు మళ్లీ రాలేదు.

పిలుపు ఎలా వస్తుందన్నది అసలు సంగతి. ఆడిషన్లు తక్కువ. బృందంలో పనులు చూసే మనిషి ఫోన్ చేస్తాడు. ఆ మనిషికి నీ పేరు ఎవరో చెప్పి ఉండాలి. చెప్పేది సాధారణంగా నీ పక్కన కూర్చుని వాయించినవాళ్లే. కాబట్టి బాగా వాయించడం ఒక్కటే చాలదు. టైముకి రావాలి, స్వరాలు చూసుకుని రావాలి, రైల్లో అందరితో కలిసిపోవాలి, డబ్బు గురించి మరీ గట్టిగా అడగకూడదు. ఈ చివరిది నాకు ఒళ్లుమండే విషయం. ఆరు వారాలైనా డబ్బు వేయని ఒక కచేరీ సంఘానికి గట్టిగా ఉత్తరం రాద్దామంటే ఒక వయొలిన్ అమ్మాయి వద్దంది. "వచ్చే ఏడు పిలవరు" అని. మా ప్లంబర్ క్లయింట్లెవరూ ఇలా భయపడటం నేను చూడలేదు.

హార్ప్‌సికార్డ్ వాళ్ల సంగతి ఇంకో రకం. చర్చిల్లో, హాళ్లలో పియానో దొరుకుతుంది గానీ ఇది దొరకదు. అందుకని మా క్లయింటు ఒకావిడకి సొంత వ్యాన్ ఉంది. కాళ్లు ఊడదీసి, దుప్పట్లు చుట్టి, చక్రాల బల్ల మీద తోసుకుంటూ ఎక్కిస్తుంది. పట్టుకోడానికి ఒక మనిషి కావాలి. ఒకసారి నేనే ఆ మనిషినయ్యాను, వెనక్కి నడుస్తూ రాతి గడప దాటించడానికి ప్రాణం పోయింది. లోపలికి చేర్చాక వెంటనే శ్రుతి చేయదు. కోటు విప్పకుండా కూర్చుని గది వేడెక్కేదాకా ఆగుతుంది. రిహార్సల్‌కి ముందోసారి, కచేరీకి ముందోసారి, ఇంటర్వెల్లో జనం కాఫీకి వెళ్లినప్పుడు మరోసారి శ్రుతి చూస్తుంది. హీటర్ వేస్తే ఒక తీరున పోతుంది, ఆపేస్తే ఇంకో తీరున పోతుంది. చెవి తంతికి ఆనించినంత దగ్గరగా వంగి, చిన్న తాళంచెవిలాంటి దాన్ని వెంట్రుకవాసి తిప్పుతుంది. తిప్పిందో లేదో నాకైతే కనపడలేదు, స్వరం మాత్రం మారింది. చెవిలో ఇయర్‌ప్లగ్‌లా పెట్టుకున్న ఫోమ్ ముక్క ఒకటి తీసి జేబులో వేసుకుంటే పని అయిపోయినట్టు.

ఆ ఒక్క రాత్రికి ఆవిడ ఇన్‌వాయిస్‌లో రెండు రకాల పన్ను ఉంటుంది. వాయించినందుకు 9 శాతం, వాద్యం అద్దెకీ శ్రుతి చేసినందుకూ 21 శాతం. మర్నాడు ఇంటి దగ్గర పదేళ్ల పిల్లకి చెప్పే పాఠానికి అసలు పన్నే లేదు, ఇరవయ్యొకటి లోపు వాళ్లకి సంగీతం నేర్పితే మినహాయింపు. అద్దె, శ్రుతి కలిపితే చాలా రాత్రులు వాయించినదానికి సమానంగా వస్తాయి. ఈ వరసల్ని విడదీసి రాయమని నేను పోరుతుంటాను, ఆవిడ అన్నీ కలిపి 'సంగీతం' అని ఒకే వరస రాసి పంపిస్తుంది.

మాది విజయనగరం. నాన్న వయొలిన్ మీద పక్కవాద్యం వాయించేవారు, ఎక్కువగా హరికథలకి, శ్రీరామనవమి పందిళ్లలో. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన కాలేజీ పక్క వీధిలో పెరిగాను. ఆ కాలేజీలో నాలుగేళ్లు నేర్చుకుని, ఇది నా వల్ల కాదని బీకాంలో పడ్డాను. ఒకరోజు వీడియో కాల్‌లో నాన్నకి ఒక బరోక్ వయొలిన్ కచేరీ చూపించాను. సిగిస్వాల్డ్ కౌకెన్ అనే బెల్జియం ఆయన 1969 నుంచి గడ్డం ఆనించకుండా వాయించడం మొదలుపెట్టాడు, ఆ పద్ధతిలో చాలామంది ఉన్నారు.

"గడ్డం కింద నొక్కకుండానే చెయ్యి కిందకి దించుతున్నాడే," అన్నారు నాన్న.

"అవును నాన్నా, పాత పద్ధతట."

"వీళ్లకి జీతాలెలా ఉంటాయమ్మా?"

"జీతాలుండవు. ఎక్కడ పిలిస్తే అక్కడికెళ్లి వాయించడమే."

"నవమి పందిళ్ల లాగానా?"

"అలాంటిదే. ఈస్టర్ పందిళ్లు."

"మరి సంభావన ముందిస్తారా, తరవాతా?"

ముప్ఫై రోజుల్లో బ్యాంకులో పడాలి, నలభై ఐదు రోజులకి పడుతుంది అన్నాను. నాన్న చాలాసేపు నవ్వారు. ఆయన్ని పిలిచిన భాగవతారు ఒకాయన పోయేదాకా బాకీనే ఉన్నాడు. తంతులు పేగువని చెబితే మాత్రం మొహం చిట్లించారు. బాలుస్వామి దీక్షితుల వారు మద్రాసులో దొరల దగ్గర వయొలిన్ నేర్చుకున్న రోజుల్లో మనవీ పేగు తంతులే అయ్యుంటాయి కదా నాన్నా అంటే, "ఆ సంగతి మీ అమ్మకి చెప్పకు" అని గొంతు తగ్గించారు.

కరోనా వచ్చినప్పుడు ఈ బతుకులో తాడు ఎంత సన్ననిదో బయటపడింది. 2020 మార్చి 12న వందమందికి మించి ఎక్కడా గుమికూడొద్దని ఇక్కడి ప్రభుత్వం చెప్పింది. ఏప్రిల్ 12న ఈస్టర్. సరిగ్గా ఆ నెలరోజుల్లోనే వీళ్ల ఏడాది సంపాదనలో పెద్ద ముద్ద ఉంటుంది. మాథ్యూలన్నీ వరసపెట్టి రద్దయ్యాయి. రాతపూర్వకంగా ఒప్పందం ఉన్నవాళ్లు తక్కువ, ఉన్నా అందులో 'అనివార్య కారణాలు' అనే వాక్యం ఉంది. కొందరు నిర్వాహకులు సగమైనా ఇచ్చారు, కొందరు పూలబొమ్మతో మెయిల్ పంపారు. స్వయం ఉపాధి వాళ్లకి తోజో అని ప్రభుత్వం నెలవారీ సాయం పెట్టింది. ఆ వారాల్లో మేము నింపిన ఫారాలన్నీ అవే.

జబ్బు చేస్తే మాత్రం ఒక మంచి ఏర్పాటుంది, బ్రోడ్‌ఫాండ్స్ అంటారు. ఇరవై నుంచి యాభై మంది కలిసి నెలనెలా ఇంత అని వేసుకుంటారు. ఎవరైనా మంచాన పడితే రెండేళ్ల వరకు అందరూ కలిసి నెలకింత ఇస్తారు. వేలంపాట లేకుండా, జబ్బుపడ్డవాడే ఎత్తుకునే చీటీ అనుకోండి. చేతి నరం పట్టేసి ఎనిమిది నెలలు బో పట్టుకోలేకపోయిన మా క్లయింటు ఒకతను ఈ డబ్బుతోనే అద్దె కట్టాడు. వీళ్లందరికీ దీన్ని తప్పకుండా చెబుతాను. పెన్షన్ గురించి కూడా చెబుతాను, అది ఎవరూ వినరు.

ఇంతలో పెద్ద దెబ్బలు వేరేవీ ఉన్నాయి. 2013 నుంచి ఇక్కడి ప్రభుత్వం కళలకిచ్చే డబ్బులో ఏడాదికి 200 మిలియన్ యూరోలు కోసింది. బ్రెగ్జిట్ తర్వాత ఇంగ్లండ్ వాళ్లకి యూరప్‌లో పని చేయడానికి రోజుల లెక్కలు, వాద్యాలకి కస్టమ్స్ కాగితాలు వచ్చిపడ్డాయి. కుర్రవాళ్లకి మొదటి మెట్టుగా ఉండే యూరోపియన్ యూనియన్ బరోక్ ఆర్కెస్ట్రా 1985 నుంచి ఇంగ్లండ్ నుంచే నడిచి, 2018లో మూటాముల్లె సర్దుకుని బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ చేరింది.

హైదరాబాద్ నుంచి ఒకావిడ ఈమధ్య మెయిల్ రాశారు. అమ్మాయి వెస్టర్న్ వయొలిన్ బాగా వాయిస్తుందట, హేగ్‌లో బరోక్ వయొలిన్ చదువుతానంటోందట, ఫీజు కడితే తర్వాత ఉద్యోగం వస్తుందా అండీ అని. ఆవిడకి రాసినదే ఇక్కడా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

చదువు మంచిదే, టీచర్లు గొప్పవాళ్లే, పాఠాలు ఇంగ్లిషులోనే. చిక్కు వీసా దగ్గర ఉంది. చదువయ్యాక ఒక ఏడాది ఇక్కడ ఉండి పని వెతుక్కోవచ్చు. ఆ తర్వాత మన ఐటీ పిల్లలు ఉండిపోయేది కంపెనీ ఇచ్చే జీతం కాగితం చూపించి. ఈ రంగంలో ఆ కాగితం ఇచ్చేవాడే లేడు. స్వయం ఉపాధి మీద ఉండాలంటే పాయింట్ల పద్ధతి, అది కళాకారుల కోసం తయారుచేసింది కాదు. అమెరికా, జపాన్ వాళ్లకి పాత ఒప్పందాల వల్ల ఈ దారి తేలిక. హేగ్ బరోక్ వాళ్లలో అమెరికన్లు, జపాన్ వాళ్లు అంతమంది ఉండటానికి వీసా కూడా ఒక కారణమని నా అనుమానం. మనకి అలాంటి ఒప్పందం లేదు. కాబట్టి అమ్మాయి బాగా వాయిస్తుందా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు, ఏ కాగితం మీద ఉంటుందన్నది ముందే తేల్చుకోవాలి. వాద్యం ఖర్చు మొదట్లో కొంత తప్పుతుంది. జాతీయ వాద్యాల నిధి అని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది, ప్రతిభ ఉన్నవాళ్లకి మంచి వాద్యాలు వాడుకోడానికి ఇస్తుంది. కానీ అది సొంతం కాదు, ఏదో ఒకరోజు తిరిగివ్వాలి.

ఇంకోటి కూడా రాశాను. ఎవరైనా "వీళ్లంతా ప్రేమ కోసం చేస్తారు" అంటే ఆ మాట అన్నది ఎవరో చూసుకోమన్నాను. ఆ మాట నేను వాయించేవాళ్ల నోట వినలేదు, ఎప్పుడూ డబ్బిచ్చేవాళ్ల నోటే విన్నాను. వాయించేవాళ్లు ఇష్టం గురించి మాట్లాడేటప్పుడు చిన్న చిన్న విషయాలు చెబుతారు: ఫలానా చర్చిలో ఫలానా స్వరం ఆగిన తీరు, కొత్త బో మొదటిసారి తంతిని పట్టుకున్న చోటు. అది వేరే.

మా క్లయింట్లలో నిశ్చింతగా ఉన్నది ఒక వయొలిన్ అమ్మాయి. ఆమె హార్నన్‌కూర్ దారి పట్టింది. ఇక్కడి మామూలు సింఫనీ ఆర్కెస్ట్రా ఒకదాంట్లో సగం రోజుల ఉద్యోగం తెచ్చుకుంది. మిగతా సగం పేగు తంతులు. ఇంటికి రెండు వయొలిన్లు, రెండు శ్రుతులు. పన్ను రిటర్ను నాకు అరపూటలో అయిపోతుంది, పెన్షన్ కూడా జమవుతోంది. మొదట్లో బరోక్ స్నేహితులు కాస్త ఎకసెక్కం చేశారట, ఇప్పుడు ఆ ఆర్కెస్ట్రాలో ఖాళీలున్నాయా అని వాళ్లే అడుగుతున్నారట.

ఆమెకున్న ఇబ్బంది ఒక్కటే. సింఫనీ ఆర్కెస్ట్రా కూడా ఈస్టర్ ముందు మాథ్యూ వాయిస్తుంది, 440లో, ఈనాటి తంతులతో. అదే వారం బరోక్ వాళ్లు 415లో వాయించడానికి పిలుస్తారు. ఒక మాథ్యూకి సెలవు పెట్టి ఇంకో మాథ్యూ వాయించడానికి వెళ్తానంటే మేనేజరు ప్రతి ఏడూ కారణం అడుగుతాడు. నిరుడు 'కుటుంబ పనులు' అని రాసింది. ఈసారి ఏం రాయాలని నన్నడిగితే, అది అకౌంట్స్ వాళ్ల పని కాదని చెప్పాను.